చిన్న పెట్టె, పెద్ద వేడి: కాంపాక్ట్ గేమింగ్ కంప్యూటర్ లాభనష్టాలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగువారి సామెత. మే నెల చివరి వారంలో మొదలయ్యే ఆ రోజులనే ఛత్తీస్‌గఢ్‌లో ‘నౌతపా’ అంటారు. తొమ్మిది రోజుల మండుటెండ అని దాని భావం. దుర్గ్ జిల్లాలోని ఉక్కు పట్టణం భిలాయిలో ఆ రోజుల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. కొన్ని మధ్యాహ్నాలు 45 దగ్గరకు చేరుతుంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంతో పాటే సెక్టార్లుగా టౌన్‌షిప్ ఏర్పడింది. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

అలాంటి ఒక కుటుంబంలో ఇంజనీరింగ్ కళాశాలలో చేరబోతున్న విద్యార్థి ఉన్నాడనుకుందాం. అతని గదిలో ఒక మంచం, ఒక చిన్న బల్ల, కిటికీకి బిగించిన ఎయిర్ కూలర్ ఉన్నాయి. కంప్యూటర్ కోసం తల్లిదండ్రులు కొంత డబ్బు పక్కన పెట్టారు. ఆటలకు, ప్రోగ్రామింగ్‌కు, త్రీడీ డిజైన్‌కు అదే యంత్రం పనికి రావాలి. సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లే వీలుండాలి. అందుకే అతని చూపు కాంపాక్ట్ గేమింగ్ కంప్యూటర్ మీద పడింది. ఆ డబ్బు మళ్లీ నాలుగేళ్ల దాకా దొరకదు. కొన్న యంత్రం ఎండాకాలంలో చతికిలబడితే మార్చుకునే అవకాశం ఉండదు. కాబట్టి ముందే లెక్క చూసుకోవాలి.

కాంపాక్ట్ అంటే ఎంత?

బల్ల పక్కన నిలబెట్టే మామూలు టవర్ క్యాబినెట్ ఘనపరిమాణం 40 నుంచి 50 లీటర్ల వరకు ఉంటుంది. సాధారణంగా 20 లీటర్ల లోపు ఉన్నవాటిని కాంపాక్ట్ క్యాబినెట్లుగా లెక్కిస్తారు. వాటిలో 10 నుంచి 13 లీటర్లవి బాగా ప్రాచుర్యం పొందాయి. అంటే పెళ్లిళ్లలో వాడే 20 లీటర్ల మంచినీళ్ల డబ్బాలో దాదాపు సగం.

ఈ కుదింపు మదర్‌బోర్డుతో మొదలవుతుంది. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ బోర్డు కొలత 305 × 244 మిల్లీమీటర్లు. తైవాన్ సంస్థ వయా 2001లో తెచ్చిన మినీ ఐటీఎక్స్ బోర్డు 170 × 170 మిల్లీమీటర్లే. వైశాల్యంలో ఇది ఏటీఎక్స్‌లో సుమారు 39 శాతం. ఈ రెండింటికీ మధ్య 244 × 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ ఉంది.

విద్యుత్తును సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌కూ చిన్న రూపం ఉంది. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ దాదాపు 1.8 లీటర్ల చోటు ఆక్రమిస్తే, ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం 0.8 లీటర్లలో సరిపోతుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మాత్రం పెద్ద కంప్యూటర్లలో వాడేవే. అసలు చిక్కు అక్కడే ఉంది. పెట్టె చిన్నదైంది కానీ లోపల పుట్టే వేడి చిన్నది కాలేదు.

లాభాలు

మొదటి లాభం చోటు. చిన్న గదిలో బల్ల మీదే మానిటర్ పక్కన ఒదిగిపోతుంది. నేలమీద పెట్టాల్సిన పని లేదు కాబట్టి ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము నేరుగా లోపలికి పోదు.

రెండోది ప్రయాణం. 12 లీటర్ల కంప్యూటర్‌ను వీపు సంచిలో సర్దుకోవచ్చు. దుర్గ్ నుంచి విశాఖపట్నం వెళ్లే రైల్లో సామాన్ల అర మీద పెట్టుకోవచ్చు. టవర్ క్యాబినెట్‌తో అది సాధ్యం కాదు.

మూడోది బలం. ల్యాప్‌టాప్ కూడా చిన్నదే. అయితే దాని గ్రాఫిక్స్ చిప్‌కు అందే విద్యుత్తు, వేడిని బయటికి పంపే చోటు రెండూ పరిమితం. పైగా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ సాధారణంగా బోర్డుకే అతికి ఉంటాయి. కాంపాక్ట్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డును తీసి మూడేళ్ల తర్వాత కొత్తది పెట్టుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

వేడి లెక్క

కంప్యూటర్ తీసుకునే విద్యుత్తు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, 120 వాట్ల ప్రాసెసర్, మిగిలిన భాగాలు, ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టం అన్నీ కలిపితే ఆట నడుస్తున్నంత సేపూ సుమారు 400 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి శరీరం దాదాపు 100 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. అంటే నలుగురు మనుషుల వేడి 12 లీటర్ల పెట్టెలో పుడుతోందన్నమాట.

ఈ వేడి రెండు దారుల్లో బయటికి పోవాలి. మొదటిది క్యాబినెట్ గోడలు. 12 లీటర్ల పెట్టె బయటి వైశాల్యం చదరపు మీటరులో సుమారు మూడో వంతు. గోడలు గదికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉన్నా వాటి ద్వారా 30 వాట్ల చుట్టుపక్కలే బయటికి పోతుంది. పెద్ద టవర్‌లోనూ అది 80 వాట్లు మించదు. మిగిలిందంతా రెండో దారిలో, అంటే ఫ్యాన్లు తోసే గాలి ద్వారానే పోవాలి.

ఎంత గాలి కావాలి? ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1,005 జౌళ్ల శక్తి పడుతుంది. 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు 1.12 కిలోలు. దీన్నిబట్టి 400 వాట్ల వేడిని, లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా, బయటికి పంపాలంటే సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి ప్రవహించాలి. 12 లీటర్ల పెట్టెలోని గాలి సెకనుకు మూడుసార్లు పూర్తిగా మారాలి. 45 లీటర్ల టవర్‌కూ అంతే గాలి కావాలి. తేడా ఏమిటంటే టవర్‌లో ఆ గాలికి విశాలమైన దారి ఉంటుంది, పెద్ద ఫ్యాన్లు నాలుగైదు పడతాయి. చిన్న పెట్టెలో గాలి తీగల మధ్య నుంచి, కార్డు అంచుల పక్క నుంచి ఇరుక్కుని పోవాలి.

దారి మూసుకుని గాలి సగానికి తగ్గిందనుకుందాం. అదే లెక్క ప్రకారం పెరుగుదల 10 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు చేరుతుంది. పెద్ద పెట్టెలో చిన్న పొరపాటు దొర్లినా నెట్టుకొస్తుంది. చిన్న పెట్టె పొరపాటును క్షమించదు.

గది ఉష్ణోగ్రతే పునాది

ఒకే ఆట, ఒకే ఫ్యాను వేగం ఉన్నప్పుడు గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రతకూ గది ఉష్ణోగ్రతకూ మధ్య తేడా దాదాపు మారదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా సుమారు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. చలిదేశాల్లో 22 డిగ్రీల గదిలో చేసిన పరీక్షలు చూసి భిలాయిలో క్యాబినెట్ కొంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. టవర్‌లో తేడా 45 డిగ్రీలు, ఇరుకైన కాంపాక్ట్ క్యాబినెట్‌లో 55 డిగ్రీలు అనుకుందాం. 22 డిగ్రీల గదిలో చిప్‌లు 67, 77 డిగ్రీల దగ్గర ఉంటాయి. రెండూ సురక్షితమే. గది 38 డిగ్రీలకు చేరితే అవి 83, 93 అవుతాయి. చాలా గ్రాఫిక్స్ చిప్‌ల గరిష్ఠ పరిమితి 90 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. పరిమితి దగ్గరపడగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కంప్యూటర్ కాలిపోదు, ఆట మాత్రం తడబడుతుంది. డబ్బు పెట్టి కొన్న వేగం సరిగ్గా ఎండాకాలం సెలవుల్లోనే అందకుండా పోతుంది.

దీర్ఘకాలిక నష్టం వేరే చోట ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో పనిచేస్తే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని ఉండే చిన్న క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలి ఎస్‌ఎంపీఎస్‌ను తాకకుండా చూసుకోవడం ముఖ్యం.

ఎయిర్ కూలర్ మేలూ, కీడూ

43 డిగ్రీల ఎండలో గాలి తేమ 15 శాతం ఉంటే, నీరు ఆవిరవుతూ ఆ గాలిని 23 డిగ్రీల వరకు చల్లబరచగలదు. ఇది సిద్ధాంతపరమైన హద్దు. మంచి మెత్తలున్న ఎయిర్ కూలర్ నుంచి 28–30 డిగ్రీల గాలి వస్తుంది. గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలి తోసే కూలర్ ఉన్న గదిలో 400 వాట్ల కంప్యూటర్ వల్ల పెరిగే వేడి ఒక డిగ్రీ కూడా ఉండదు. అయితే ఎదురుగా కిటికీ గానీ తలుపు గానీ తెరిచి ఉండి గాలి బయటికి పోవాలి. ఏసీ గదిలో తలుపులు మూసి ఉంటాయి కాబట్టి లెక్క మారుతుంది. ఒక టన్ను ఏసీ తీసివేయగల వేడి సుమారు 3,500 వాట్లు. అందులో 400 వాట్లు, అంటే తొమ్మిదో వంతు, కంప్యూటరే వాడేసుకుంటుంది.

కాబట్టి నౌతపా రోజుల్లో కూలర్ బాగా పనిచేస్తున్నంత వరకు కంప్యూటర్‌కు పెద్ద ఇబ్బంది లేదు. తొట్టిలో నీళ్లు అయిపోయి వేడిగాలి వస్తున్నప్పుడు, వానలకు ముందు ఉక్కపోత మొదలైనప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. 32 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే కూలర్ రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించలేదు.

కూలర్ గాలి బాట కూడా చూసుకోవాలి. దాని ఎదురుగా కంప్యూటర్ పెడితే గాలితో కొట్టుకొచ్చే సన్నని నీటి తుంపర్లు లోపలికి చేరవచ్చు. ఆ నీటిలోని లవణాలు ఎండిపోయి తెల్లని పొరగా మిగిలిపోతాయి. గాలి బాటకు పక్కగా, గోడకు కనీసం జానెడు దూరంలో పెట్టడం మేలు.

ధూళి

ఎండాకాలం భిలాయిలో దుమ్ముకు కొదవ ఉండదు. వడగాలి మోసుకొచ్చే మట్టికి తోడు ఖనిజం, బొగ్గు వాడే పరిశ్రమలు ఉన్న చోట్ల గాలిలో వాటి సన్నని రేణువులూ కలుస్తాయి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము చేరితే అది కంబళిలా పనిచేసి వేడిని అక్కడే ఆపేస్తుంది. కార్బన్ రేణువులకు విద్యుత్తును ప్రసరింపజేసే గుణం ఉంది. అవి తేమతో కలిసి సర్క్యూట్ల మీద పేరుకోవడం మంచిది కాదు.

గాలి వచ్చే ప్రతి కంతకూ జల్లెడ లాంటి ఫిల్టర్ ఉండాలి. గాలిని లోపలికి తెచ్చే ఫ్యాన్ల బలం బయటికి పంపే వాటికన్నా కొంచెం ఎక్కువగా ఉంటే, ఫిల్టర్ లేని సందుల నుంచి దుమ్ము లోపలికి రాదు. చిన్న పెట్టెలో ఫిల్టర్ విస్తీర్ణమూ చిన్నదే కాబట్టి త్వరగా మూసుకుపోతుంది. టవర్ ఫిల్టర్‌ను నెలకోసారి దులిపితే సరిపోయే ఇంట్లో, కాంపాక్ట్ క్యాబినెట్‌కు వేసవిలో వారం పది రోజులకోసారి ఆ పని చేయాల్సి రావచ్చు. ఓపిక లేనివారు ఈ ఒక్క కారణంతోనే పెద్ద క్యాబినెట్ వైపు మొగ్గడం మంచిది.

శబ్దం, ఖర్చు, మరమ్మతు

120 మిల్లీమీటర్ల ఫ్యాను చుట్టుకొలిచే వైశాల్యం 92 మిల్లీమీటర్ల ఫ్యానుకన్నా 1.7 రెట్లు ఎక్కువ. చిన్న ఫ్యాను అంతే గాలి తోయాలంటే మరింత వేగంగా తిరగాలి. ఫ్యాను వేగం రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. పక్క మంచం మీద తమ్ముడు నిద్రపోతున్న గదిలో ఇది చిన్న విషయం కాదు.

ఖర్చులోనూ తేడా ఉంది. ఒకే స్థాయి మినీ ఐటీఎక్స్ బోర్డు సాధారణంగా మైక్రో ఏటీఎక్స్ బోర్డుకన్నా ఖరీదు. ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కూడా అంతే. మినీ ఐటీఎక్స్ బోర్డుపై ర్యామ్‌కు రెండే అరలు, విస్తరణ కార్డుకు ఒకటే అర ఉంటాయి. మొదట్లోనే తగినంత ర్యామ్ వేసుకోకపోతే తర్వాత పాతవి తీసేసి కొత్తవి కొనాలి. చెడిపోయినప్పుడు మామూలు ఎస్‌ఎంపీఎస్ దగ్గరలోని దుకాణంలో దొరకవచ్చు గానీ, చిన్న రకం కోసం ఆర్డర్ పెట్టి ఎదురుచూడాల్సి రావచ్చు.

కొన్ని క్యాబినెట్లలో మదర్‌బోర్డుకు వెనకవైపు గ్రాఫిక్స్ కార్డును నిలబెట్టి, రెండింటినీ రైజర్ కేబుల్‌తో కలుపుతారు. దీన్ని శాండ్‌విచ్ అమరిక అంటారు. పక్క జాలీ నుంచి కార్డు నేరుగా బయటి చల్లగాలి పీల్చుకోవడం దీని మేలు. నాసిరకం రైజర్ కేబుల్ వాడితే తెర ఆగిపోవడం, కార్డు కనిపించకపోవడం వంటి చిక్కులు వస్తాయి.

వాటర్ కూలింగ్ పెడితే వేడి పోతుందని చాలామంది అనుకుంటారు. నీరు వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి మోస్తుంది, మాయం చేయదు. భిలాయి కర్మాగారంలో 4,060 ఘనపు మీటర్ల ‘మహామాయ’ అనే ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ ఉంది. అంత పెద్ద కొలిమి గోడల్లోనూ నిరంతరం నీరు ప్రవహిస్తూ వేడిని లాగేస్తుంటుంది. ఆ నీటిని మళ్లీ చల్లబరచే ఏర్పాటు లేకపోతే ప్రయోజనం లేదు. కంప్యూటర్‌లోనూ రేడియేటర్‌కు తగినంత గాలి అందకపోతే నీళ్లున్నా లేకున్నా ఒకటే.

వాట్లు తగ్గించడమే అసలు మందు

పెట్టెను పెంచకుండా సమస్యను పరిష్కరించే దారి ఒకటుంది. అది వేడిని పుట్టినచోటే తగ్గించడం. చిప్‌లో ఖర్చయ్యే విద్యుత్తు ముఖ్యంగా వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజిని 10 శాతం తగ్గిస్తే ఆ భాగంలో ఖర్చు 19 శాతం తగ్గుతుంది. దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. గ్రాఫిక్స్ కార్డు వాడే వాట్లకు సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు పెట్టడం ఇంకా సులువు. చాలా కార్డుల్లో హద్దును 80 శాతానికి దించినా ఆట వేగం కొద్దిగానే తగ్గుతుంది. ఎందుకంటే చివరి కొద్దిపాటి వేగం కోసమే చిప్ అత్యధిక విద్యుత్తును మింగుతుంది.

మరో దారి మొదటే తక్కువ వాట్ల భాగాలు ఎంచుకోవడం. ఉదాహరణకు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డు విద్యుత్ పరిమితి 115 వాట్లు. ఏఎమ్‌డీ రైజెన్ 5 7600 ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది. ఇలాంటి జంటతో మొత్తం కంప్యూటర్‌ను 250 వాట్ల లోపు ఉంచవచ్చు. అప్పుడు కావలసిన గాలి సెకనుకు 35 లీటర్ల నుంచి 22 లీటర్లకు తగ్గుతుంది. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి 450 వాట్ల కార్డును భిలాయి వేసవిలో 12 లీటర్ల పెట్టెలో కుక్కడం తెలివైన పని కాదు.

నిర్ణయం ఎలా?

కొనేముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఏడాదికి ఎన్నిసార్లు కంప్యూటర్‌ను మోసుకెళ్లాలి? మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో ఉష్ణోగ్రత ఎంత? ఫిల్టర్లు శుభ్రం చేసే ఓపిక ఎవరికుంది? రెండో ప్రశ్నకు ఊహ పనికిరాదు. బల్ల మీద ఒక థర్మామీటర్ పెట్టి చూడాలి.

అమర్చిన తర్వాత చేయదగిన పరీక్ష కూడా ఒకటుంది. అరగంట ఆట ఆడి గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత రాసుకోవాలి. పక్క పలక తీసేసి మరో అరగంట ఆడాలి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే గాలి దారి బాగున్నట్టు. పది డిగ్రీలు తగ్గితే క్యాబినెట్ ఊపిరాడక ఇబ్బంది పడుతోందని అర్థం. ఫ్యాన్ల దిశ, తీగల సర్దుబాటు, వాట్ల హద్దు మళ్లీ చూసుకోవాలి.

మొదట చెప్పుకున్న విద్యార్థి కళాశాల హాస్టల్‌కూ ఇంటికీ మధ్య తిరుగుతాడు కాబట్టి కాంపాక్ట్ కంప్యూటర్ అతనికి తగినదే. అయితే 250 వాట్ల లోపు భాగాలు, జాలీ పలకలు, విప్పి కడుక్కోగల ఫిల్టర్లు ఉన్న 12–15 లీటర్ల క్యాబినెట్ అతనికి సరిపోతుంది. మోసుకెళ్లేటప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డును తీసి విడిగా సర్దుకుంటే అర విరగదు. అదే సెక్టార్‌లో, కంప్యూటర్‌ను గది దాటించని మరో విద్యార్థికి మైక్రో ఏటీఎక్స్ బోర్డుతో 30 లీటర్ల క్యాబినెట్ మేలు. ఖర్చు తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ గానీ యూపీఎస్ గానీ వస్తుంది.

పెట్టె ఎన్ని లీటర్లన్నది అందానికి, చోటుకు సంబంధించిన లెక్క. లోపల ఎన్ని వాట్లు పుడుతున్నాయి, సెకనుకు ఎన్ని లీటర్ల గాలి వాటిని మోసుకెళ్తోంది అన్నదే కంప్యూటర్ బతుకు లెక్క. ఈ రెండో లెక్క కుదిరితే రోహిణీ కార్తెలోనూ చిన్న పెట్టె చల్లగా పనిచేస్తుంది.